అడిగే వయస్సు, జవాబు చెప్పవలసిన సంఘము: హైస్కూలు విద్యార్థులకు విశ్వాస బోధ

ఉపోద్ఘాతము

మన సంఘములలో సండే స్కూలు వార్షికోత్సవము జరిగినప్పుడు ముందు వరుసలో నిలబడేది చిన్నపిల్లలు. యాక్షన్ సాంగ్స్ పాడేది వారే, కంఠత వాక్యములు చెప్పి బహుమతులు అందుకునేది వారే. ఎనిమిదవ తరగతికి వచ్చేసరికి ఆ వరుస పలచబడుతుంది. తొమ్మిదిలో ముగ్గురో నలుగురో మిగులుతారు. పదవ తరగతిలో ఆదివారం కూడా స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు ఉంటాయి. ఆ తరువాత ఇంటర్మీడియట్ చదువుకు విజయవాడకో, హైదరాబాదుకో వెళ్లి రెసిడెన్షియల్ కళాశాలలో చేరిపోతారు. అక్కడి నుండి వారు మళ్లీ సంఘములో కనబడేది సాధారణంగా క్రిస్మసుకు, లేదా పెండ్లి ప్రకటనకు.

దీనికి కారణం చదువుల ఒత్తిడి అని మనము అంటాము. అది నిజమే, కాని పూర్తి నిజము కాదు. ఆరేడేండ్ల వయస్సులో సరిపోయిన బోధనా పద్ధతినే పద్నాలుగేండ్ల వయస్సుకు కూడా కొనసాగించడం రెండవ కారణము. చిన్నతనంలో టీచరు అడుగుతుంది, పిల్లవాడు అప్పజెబుతాడు. హైస్కూలు వయస్సులో విద్యార్థే అడగడం మొదలుపెడతాడు. ఆ ప్రశ్నకు సంఘములో చోటు లేకపోతే అతడు దానిని ఫోనులో వెదుక్కుంటాడు, లేదా అడగడం మానివేస్తాడు.

ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఒక్కటే. హైస్కూలు విద్యార్థుల ప్రశ్నలు విశ్వాసమునకు అడ్డు కావు. లేఖనములు చూపించే క్రమములో బోధ ప్రారంభమయ్యేది అక్కడే. ఈ సంగతికి లేఖనాధారమును, సంఘ చరిత్ర ఇచ్చే పాఠమును, మన ప్రాంతపు విద్యార్థి పరిస్థితిని చూచి, తరువాత ఆచరణకు వీలైన ఒక క్రమమును కాపరుల ముందు, వేదాంత విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

1. లేఖనములలో ప్రశ్న ఎవరిది?

పిల్లలకు బోధించుటను గూర్చి ప్రసంగించేటప్పుడు మనము సాధారణంగా ద్వితీయోపదేశకాండము 6:4-9 తీసుకుంటాము. ఇంట కూర్చున్నప్పుడు, త్రోవ నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు దేవుని ఆజ్ఞలను గూర్చి పిల్లలతో మాట్లాడమని అక్కడ ఉన్నది. అదే అధ్యాయము 20వ వచనమును మనము అంతగా గమనించము. ఆ కట్టడల భావమేమిటని రేపు కుమారుడు అడుగుతాడని మోషే ముందుగానే చెబుతున్నాడు. అంటే ధర్మశాస్త్రము కుమారుని ప్రశ్నను ఎదురుచూస్తున్నది.

ఇది ఒక్కచోట వచ్చిన మాట కాదు. పస్కా ఆచారమును గూర్చి పిల్లలు అడిగినప్పుడు ఏమి చెప్పాలో నిర్గమకాండము 12:26-27 నేర్పుతుంది. తొలిచూలు ప్రతిష్ఠను గూర్చి అడిగినప్పుడు చెప్పవలసిన మాట 13:14లో ఉన్నది. యొర్దాను నుండి తెచ్చి నిలిపిన పండ్రెండు రాళ్లను గూర్చి అడిగే ప్రశ్న యెహోషువ 4:6లోను, మరల 4:21లోను కనబడుతుంది. రాళ్లు నిలిపిన ఉద్దేశమే పిల్లలు వాటిని చూచి అడగాలని. నేటికీ యూదుల ఇండ్లలో పస్కా భోజనం దగ్గర అందరికంటె చిన్నవాడు లేచి ప్రశ్నలు అడిగే ఆచారము ఉన్నది. జవాబు ఆ తరువాతనే వస్తుంది.

ఇక ఆ జవాబు ఎలాంటిదో చూడండి. ద్వితీయోపదేశకాండము 6:21లో తండ్రి నిర్వచనముతో మొదలుపెట్టడు. తాము ఐగుప్తులో దాసులుగా ఉన్న సంగతితో మొదలుపెడతాడు. ప్రశ్నకు జవాబు తమ ఇంటి చరిత్ర, తమను విడిపించిన దేవుని సాక్ష్యము.

క్రొత్త నిబంధనలో ఇదే క్రమము కొనసాగుతుంది. పండ్రెండేండ్ల యేసు దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి వినుచు, వారిని ప్రశ్నించుచు ఉన్నట్లు లూకా 2:46 తెలుపుతుంది. పండ్రెండేండ్లు అంటే మన లెక్కలో ఏడవ తరగతి. రథములో చదువుకొంటున్న ఐతియొపీయునికి ఫిలిప్పు వెంటనే ప్రసంగించలేదు. చదివేది అర్థమవుతున్నదా అని మొదట అడిగాడు. ఐతియొపీయుడు తిరిగి అడిగిన ప్రశ్న దగ్గర సువార్త చెప్పడం ప్రారంభించాడు (అపొ. కార్య. 8:30-35). నెహెమ్యా 8:7-8లో లేవీయులు గ్రంథమును చదివి వినిపించడంతో ఆగక, జనులు గ్రహించునట్లు అర్థము చెప్పారు. చదువుట, అడుగుట, అర్థము చెప్పుట అనే ఈ మూడూ కలిస్తేనే లేఖనములు చూపించే బోధ.

2. సంఘ చరిత్ర నేర్పే పాఠము

క్రీ.శ. 400 ప్రాంతములో కార్తేజి పట్టణపు డీకను దేవోగ్రాతియాసు అగస్టీనుకు ఒక ఇబ్బంది తెలియజేశాడు. విశ్వాసములోనికి క్రొత్తగా వచ్చేవారికి ఒకే సంగతి మళ్లీ మళ్లీ చెప్పడం తనకే విసుగు పుట్టిస్తున్నదని అతని బాధ. దానికి జవాబుగా అగస్టీను ఒక చిన్న గ్రంథమే వ్రాశాడు. చెప్పేవాని ఉల్లాసము వినేవాని హృదయమును తెరుస్తుందని, వినేవాడు ఎవరో తెలుసుకొని అతనికి తగినట్లు మాట్లాడాలని, లేఖన చరిత్రనంతటిని దేవుని ప్రేమ అనే ఒక్క దారముపై గ్రుచ్చి చెప్పాలని దాని సారాంశము. విసుగుతో చెప్పే పాఠము విసుగునే నేర్పుతుంది. మన సండే స్కూలు టీచర్లకు ఈ సలహా నేటికీ పాతబడలేదు.

మార్టిన్ లూథర్ 1528లో సాక్సనీ ప్రాంతపు సంఘములను దర్శించి, విశ్వాసులకు పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన కూడా తెలియని స్థితిని చూశాడు. 1529లో చిన్న ప్రశ్నోత్తర గ్రంథము వెలువరించాడు. అందులో ఒక్కొక్క ఆజ్ఞ, ఒక్కొక్క మనవి తరువాత దాని అర్థమేమిటని అడిగే ప్రశ్న వస్తుంది. ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పుటకు అది ఉద్దేశించబడింది. కాలక్రమేణా మన చేతులలో అది అప్పజెప్పే పుస్తకమైపోయింది. అర్థమేమిటనే ప్రశ్న కూడా కంఠతలో భాగమైపోయి, నిజంగా అడగవలసిన ప్రశ్న నోరు మూసుకుంది.

1780లో ఇంగ్లండు దేశపు గ్లాస్టర్ పట్టణములో రాబర్ట్ రైక్స్ ప్రారంభించిన సండే స్కూలు మొదట చదవడం నేర్పే బడి. వారమంతా పనులకు వెళ్లే పేదపిల్లలు ఆదివారం అక్షరాలు నేర్చుకొని లేఖనములను తామే చదువుకోవాలని దాని లక్ష్యము. ఈ సంగతి మనకు ఎంత అవసరమో తరువాతి భాగములో చూస్తాము.

3. మన ముందున్న విద్యార్థి

పద్నాలుగేండ్ల విద్యార్థి బడిలో రుజువులు, సిద్ధాంతాలు చదువుతున్నాడు. ఏ మాటకైనా కారణము అడగమని ఉపాధ్యాయులు నేర్పుతున్నారు. సంఘములోనికి రాగానే ఆ బుద్ధిని గుమ్మము బయట విడిచి రమ్మంటే అతడు మనలను రెండు విధాలుగా అర్థము చేసుకుంటాడు. అయితే మన దగ్గర జవాబు లేదని, లేకపోతే జవాబు ఉన్నా తనకు చెప్పే విలువ ఇవ్వడం లేదని.

రెండవది భాష. పట్టణాలలోనే కాదు, మండల కేంద్రాలలో కూడా మన పిల్లలు అధికంగా ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని తెలుగు పేజీని ధారాళంగా చదవలేరు. పైగా మన పరిశుద్ధ గ్రంథపు భాష పాత గ్రాంథిక ధోరణిలో ఉన్నది. ‘ఏలయనగా’ అనే మాట దగ్గర, ‘నీతిమంతులుగా తీర్చబడుట’ అనే మాట దగ్గర ఆగిపోయే విద్యార్థి, తనకు విశ్వాసము లేక ఆగిపోయాడని మనము అనుకోకూడదు. భాష అడ్డుపడింది. ఫలితంగా తల్లి తెలుగు బైబిలు చదువుతుంది, కుమారుడు ఫోనులో ఇంగ్లీషు బైబిలు తెరుస్తాడు. ఒకే ఇంటిలో ఇద్దరూ కలిసి చదివే గ్రంథము లేకుండా పోతుంది. కనుక రైక్స్ చేసిన పని మనము మరల చేయవలసి వచ్చింది. తరగతిలో ప్రతివారము పది వచనాలైనా విద్యార్థులచేత తెలుగులో పెద్దగా చదివించాలి. కఠిన పదాలకు నోటు పుస్తకములో అర్థాలు వ్రాయించాలి. వాడుక భాషలో వచ్చిన అనువాదములను ప్రక్కన ఉంచుకోవడంలో తప్పు లేదు.

మూడవది సమయము. సెలవులు, పండుగలు తీసివేస్తే సంవత్సరమునకు 40 ఆదివారాలు దొరుకుతాయనుకుందాము. వారానికి 45 నిమిషాల చొప్పున మొత్తం 30 గంటలు. బడిలో అతడు ఒక్క వారములో గడిపే సమయమైనా అది కాదు. కాబట్టి అన్నీ చెప్పాలనే ఆశ విడిచి, ఏది తప్పక చెప్పాలో ఎంచుకోవాలి.

4. ఏమి బోధించాలి? మూడేండ్ల క్రమము

సాధారణంగా మన పాఠాలు ఒక వారము నోవహు, మరుసటి వారము జక్కయ్య, ఆ తరువాత వారము దావీదు అన్నట్లు నడుస్తాయి. చిన్నపిల్లలకు ఇది చాలును. హైస్కూలు విద్యార్థికి ఒక గ్రంథమును మొదటి నుండి చివర వరకు చదివే అనుభవము కావాలి. విడి కథలు మాత్రమే తెలిసినవాడు తనకై తాను గ్రంథము తెరిచినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూసివేస్తాడు.

ఎనిమిదవ తరగతికి మార్కు సువార్తను మేము ప్రతిపాదిస్తున్నాము. ఇది నాలుగు సువార్తలలో చిన్నది, 16 అధ్యాయములు. అధ్యాయమునకు రెండు వారాల చొప్పున 32 ఆదివారాలలో పూర్తవుతుంది. ఇంకొక కారణము కూడా ఉన్నది. ఈ సువార్త ప్రశ్నల మీద నడుస్తుంది. తుపాను అణగిన తరువాత ఈయన ఎవరని శిష్యులు తమలో తాము అడుగుకుంటారు (4:41). స్వగ్రామములో జనులు ఆయన వృత్తిని, కుటుంబమును ఎత్తి చూపి ఆశ్చర్యపడతారు, అభ్యంతరపడతారు (6:2-3). ఫిలిప్పు కైసరయ దగ్గర యేసే శిష్యులను అడుగుతాడు, మొదట ఇతరులు ఏమంటున్నారని, తరువాత మీరేమంటున్నారని (8:27-29). చివరకు సిలువ దగ్గర ఒక అన్యుడైన శతాధిపతి జవాబు చెబుతాడు (15:39). విద్యార్థిని కూడా ఈ దారిలోనే నడిపించవచ్చు. మొదటి నెలలలో ఇతరులు యేసును గూర్చి ఏమనుకుంటున్నారో మాట్లాడనివ్వాలి. ఎనిమిదవ అధ్యాయమునకు వచ్చినప్పుడు, నీవేమంటావు అనే ప్రశ్న దానంతటదే అతని ముందుకు వస్తుంది. మనము తొందరపెట్టనవసరము లేదు.

పదహారవ అధ్యాయము దగ్గర ఒక విద్యార్థి తప్పక ఒక సంగతి అడుగుతాడు. అనేక ఇంగ్లీషు బైబిళ్లలో 16:9-20 వచనములకు ఒక గమనిక ఉంటుంది. నాలుగవ శతాబ్దపు సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి 8వ వచనముతో ముగుస్తాయి. ఈ సంగతి దాచకూడదు. చేతివ్రాత ప్రతులను పోల్చి చూచే పని పండితులు ఎలా చేస్తారో చెప్పాలి. యేసు పునరుత్థాన వార్త 16:6లోనే ఉన్నదని, మిగిలిన సువార్తలలోను, 1 కొరింథీయులకు 15లోను దానికి సాక్ష్యమున్నదని చూపాలి. మన నోట మొదట విన్నవాడు తరువాత ఎక్కడ విన్నా కలవరపడడు. మనము దాచగా ఫోనులో తెలుసుకున్నవాడు, ఇంకా ఏమేమి దాచారో అని అనుమానిస్తాడు.

తొమ్మిదవ తరగతిలో పాత నిబంధన చదివించాలి. నిర్గమకాండము మొదటి 20 అధ్యాయములు, రూతు, దానియేలు 1-6, ఆమోసులో ఎంచిన భాగములు, కొన్ని కీర్తనలు. విడుదల, పరదేశి స్త్రీ, పరాయి దేశములో విశ్వాసము, న్యాయము, ప్రార్థన అనే అయిదు విషయములు వీటిలో వస్తాయి.

పదవ తరగతికి విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మము, ప్రభువు భోజనము. శిశు బాప్తిస్మమిచ్చే సంఘములలో ఇది కన్ఫర్మేషన్ సిద్ధపాటు అవుతుంది. బాప్తిస్టు, మెన్నొనైటు సంఘములలో బాప్తిస్మపు తరగతి అవుతుంది. జూన్ నుండి డిసెంబరు వరకు వారానికి అరగంటలో దీనిని ముగించాలి. జనవరి తరువాత పాఠము పెట్టక, ఇంటికి వెళ్లి పరామర్శించి ప్రార్థించడం మేలు.

5. తప్పించుకోలేని మూడు ప్రశ్నలు

(అ) సర్టిఫికెట్ ప్రశ్న. పదవ తరగతి దరఖాస్తు నింపే రోజులలో మన పల్లెల సంఘములలో ఒక విద్యార్థి ఇలా అడుగుతాడు: “అయ్యగారూ, మనం క్రైస్తవులం కదా, నా సర్టిఫికెట్‌లో హిందూ అని ఎందుకు ఉంది? నిజమే చెప్పాలని మీరే కదా నేర్పారు?” ఏ సండే స్కూలు పాఠ్యపుస్తకములోను ఈ ప్రశ్నకు పాఠము లేదు. కాని ఆ విద్యార్థికి ఇంతకంటె పెద్ద ప్రశ్న లేదు. దీనిని కసరి పంపివేస్తే, విశ్వాసమునకు తన నిజ జీవితముతో సంబంధము లేదని అతడు నేర్చుకుంటాడు.

మొదట చరిత్ర చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితము చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాలలో షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారిని బి.సి.-సి వర్గములో ఉంచి ఒక శాతము రిజర్వేషన్ ఇచ్చారు. ఈ విషయమై 2004లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైంది. 2022లో కేంద్ర ప్రభుత్వము మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్‌ను నియమించింది. బాప్తిస్మము తీసుకున్నంత మాత్రాన ఊరిలో అంటరానితనము పోలేదు గాని, కాగితము మీద హక్కు పోయింది. ఈ ఇరుకులో అతని తాతలు, తల్లిదండ్రులు ఏమి భరించారో విద్యార్థికి తెలియాలి. అప్పుడు అతడు తల్లిదండ్రులను అబద్ధికులని తీర్పు తీర్చడు.

తరువాత లేఖనము తెరవాలి. దానియేలుకు, అతని స్నేహితులకు రాజు నపుంసకుల యధిపతి క్రొత్త పేర్లు పెట్టాడు (దానియేలు 1:7). బబులోను దేవతల ఛాయలున్న ఆ పేర్లతోనే వారు కొలువు చేశారు. కాని భోజనము దగ్గర, ప్రతిమ దగ్గర, ప్రార్థన దగ్గర గీత గీసుకున్నారు. ఎస్తేరు మొర్దెకై మాట చొప్పున తన జాతిని తెలియజేయలేదు (2:10). సమయము వచ్చినప్పుడు ప్రాణమునకు తెగించి చెప్పింది. నయమాను రిమ్మోను గుడిలో రాజుతోపాటు వంగవలసి వస్తుందని ముందే చెప్పుకొని క్షమాపణ అడిగినప్పుడు, ఎలీషా అతనిని గద్దించక సమాధానముగా పంపివేశాడు (2 రాజులు 5:18-19). ఈ మూడింటిలో ఏ ఒక్కటీ అబద్ధమాడుటకు అనుమతి పత్రము కాదు. విశ్వాసి పరాయి ప్రభుత్వపు కాగితాల మధ్య బ్రతకడం లేఖనమునకు క్రొత్త కాదని మాత్రము ఇవి చూపిస్తాయి. ఏది వ్రాయాలనే నిర్ణయము కాపరి చేయకూడదు. దాని ఫలితము భరించేది ఆ కుటుంబము. నీ గీత ఎక్కడ, ఎవరు అడిగినా నీవు దాచకూడనిది ఏది అని విద్యార్థి తనను తాను అడుగుకొనునట్లు చేయడం కాపరి పని.

ఇక్కడ ద్వితీయోపదేశకాండము 6:21 మనకు తోడ్పడుతుంది. తమ పూర్వికులు దాసత్వము నుండి వచ్చిన సంగతి చెప్పి జవాబు ఇవ్వాలి. 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య తన బంధువుల మధ్య సువార్త వినిపించిన విధము, 1876-78 కరవు తరువాత ఒంగోలు ప్రాంతములో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన పిల్లలు వినాలి. ప్రతి సంఘమునకు ఇలాంటి కథ ఉన్నది. దానిని ఎరిగిన పెద్దలను తరగతికి పిలిచి చెప్పించాలి.

(ఆ) సృష్టి ప్రశ్న. పరిణామ సిద్ధాంతమును గూర్చి తరగతిలోనో, ఫోనులోనో విన్న విద్యార్థి, ఆరు దినముల సంగతి ఏమిటని అడుగుతాడు. సైన్సు అంతా అబద్ధమని కొట్టివేస్తే, రేపు వైద్య విద్యకు వెళ్లే ఆ పిల్ల ఒకదానిని విడువక తప్పదని అనుకుంటుంది. ఆదికాండము దినములను ఎలా గ్రహించాలనే చర్చ డార్విన్ తరువాత పుట్టినది కాదు. అగస్టీను అయిదవ శతాబ్దములోనే దానిని దీర్ఘంగా పరిశీలించాడు. ప్రకృతి విషయాలలో తెలియక మాట్లాడే క్రైస్తవుడు అవిశ్వాసుల ఎదుట లేఖనములను నవ్వులపాలు చేస్తాడని హెచ్చరించాడు కూడా. విశ్వాసులలో ఈ విషయమై భేదాభిప్రాయములు ఉన్నాయని విద్యార్థికి చెప్పవచ్చు. ఆదికాండము 1 స్పష్టంగా బోధించే సంగతులను మాత్రము గట్టిగా పట్టుకోవాలి. సూర్యచంద్రులు దేవతలు కావు, దేవుని చేతిపనులు. లోకము మంచిది. స్త్రీ పురుషులిద్దరూ, ఏ కులమువారైనా, దేవుని స్వరూపమందు చేయబడినవారు.

(ఇ) మార్కుల ప్రశ్న. పరీక్షలకు ముందు పెన్నులు, హాల్ టికెట్లు తెచ్చి ప్రార్థన చేయించుకోవడం మన సంఘములలో వాడుక. అందులో తప్పు లేదు. ఫలితములు వచ్చిన ఆదివారము మంచి మార్కులు వచ్చినవారిని నిలబెట్టి సాక్ష్యము చెప్పిస్తాము. తప్పినవాడు ఆ దినమున ఎక్కడ కూర్చుంటాడు? దేవుడు వారి ప్రార్థన విని తన ప్రార్థన వినలేదని అతడు లెక్క వేసుకుంటాడు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసుకున్న వార్తలు మనమందరమూ చదివాము. మన ఇండ్లలోని పిల్లలు కూడా ఆ పరీక్షలు వ్రాసేవారే.

ఇక్కడ కృపను గూర్చిన మన సిద్ధాంతము పరీక్షింపబడుతుంది. క్రియల వలన కాదు, కృప చేతనే అని ప్రసంగించే మనము, మార్కులను బట్టి పిల్లలను లెక్కించే లోకపు కొలతనే సంఘములోనికి తెస్తే ఆ ప్రసంగమును ఎవరు నమ్ముతారు? మార్కు 1:11లో తండ్రి కుమారుని యందు ఆనందించిన స్వరము ఎప్పుడు వినబడిందో విద్యార్థులకు చూపాలి. అప్పటికి ఆయన ఒక్క ప్రసంగము చేయలేదు, ఒక్క రోగిని స్వస్థపరచలేదు. ప్రేమ ముందు వచ్చింది, పని తరువాత. అలాగే 13వ కీర్తన, 88వ కీర్తన చదివించాలి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. అలాంటి ప్రార్థన కూడా లేఖనములో చోటు సంపాదించుకున్నదని తెలిసిన విద్యార్థి తన చీకటిని దేవుని ఎదుట చెప్పుకోగలడు. ఎవరైనా చావును గూర్చి మాట్లాడితే దానిని విశ్వాసలోపమని గద్దించక, ఒంటరిగా విడువక, తల్లిదండ్రులకు తెలిపి వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్లాలి. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి-మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416 తరగతి గోడ మీద వ్రాసి ఉంచాలి.

6. తరగతి నడిపే పద్ధతి

నలభై అయిదు నిమిషములను ఇలా వాడవచ్చు. మొదటి 10 నిమిషములు పాఠభాగము పెద్దగా చదువుట, ఒక్కొక్కరు రెండు మూడు వచనములు. తరువాత 10 నిమిషములు ప్రతివారు ఒక ప్రశ్న చీటీ మీద పేరు లేకుండా వ్రాయుట. పేరు వ్రాయమంటే అసలు ప్రశ్న రాదు, మనకు నచ్చే ప్రశ్న వస్తుంది. తరువాత 20 నిమిషములు రెండు లేక మూడు ప్రశ్నలు ఎంచుకొని, జవాబు మొదట పాఠములోనే వెదకుట. చివరి 5 నిమిషములు ప్రార్థన, విద్యార్థులే చేయాలి. కంఠత వాక్యము మానవలసిన పని లేదు. అయితే అర్థమైన వాక్యమునే కంఠత పెట్టించాలి. తిమోతి పసితనము నుండి ఎరిగిన లేఖనములే అతనికి తరువాత జ్ఞానము కలిగించాయి (2 తిమోతి 3:15).

జవాబు తెలియనప్పుడు టీచరు తెలియదని చెప్పి, వచ్చేవారము చూచి వస్తానని మాట ఇచ్చి నిలబెట్టుకోవాలి. కాపరి నెలకొకసారి ఈ తరగతిలో కూర్చోవాలి, ప్రసంగించుటకు కాదు, మిగిలిపోయిన చీటీలకు జవాబు చెప్పుటకు. తరగతిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవారు ఉండాలి, అందులో ఒకరు స్త్రీ అయి ఉండాలి. విద్యార్థినులతో, విద్యార్థులతో ఏకాంతముగా తలుపు మూసి మాట్లాడే అలవాటు, రాత్రివేళ విడిగా మెసేజులు పంపే అలవాటు వద్దు. 2012 పోక్సో చట్టమును గూర్చి ప్రతి టీచరుకు తెలియజేయాలి.

తల్లిదండ్రులను విడిచి ఈ పని జరగదు. తిమోతి విశ్వాసము మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నది (2 తిమోతి 1:5). ఆ వారపు పాఠభాగమును, ఒక ప్రశ్నను ఇంటికి పంపితే, చదువురాని తల్లి కూడా కుమారునిచేత చదివించుకొని వినగలదు. అప్పుడు ఒకే ఇంటిలో రెండు బైబిళ్లు మరల ఒకటవుతాయి.

7. క్రైస్తవ పాఠశాలలను గూర్చి ఒక మాట

మిషను ఉన్నత పాఠశాలలలో పనిచేసే కాపరులు, ఉపాధ్యాయులు సంఘపు తరగతికి, బడి తరగతికి ఉన్న భేదమును మరువకూడదు. బడిలోని విద్యార్థులలో అనేకులు ఇతర మతస్థులు. ప్రభుత్వ గుర్తింపు లేక సహాయము పొందిన పాఠశాలలో మత బోధకు గాని, ఆరాధనకు గాని హాజరు కమ్మని విద్యార్థిని బలవంతపెట్టరాదని, మైనరు అయితే సంరక్షకుల సమ్మతి ఉండాలని రాజ్యాంగము 28(3)వ అధికరణ చెబుతుంది. ఇది కేవలము చట్ట భయముతో పాటించవలసిన సంగతి కాదు. యేసు ప్రశ్న అడిగి జవాబు కొరకు కనిపెట్టినవాడు. ఆస్తిగల యౌవనుడు మొహము చిన్నబుచ్చుకొని వెళ్లిపోయినప్పుడు అతనిని ఆపలేదు, అయినా ప్రేమించాడు (మార్కు 10:21-22). బలవంతము లేని చోటనే నిజమైన ప్రశ్న పుడుతుంది.

ముగింపు

మన విద్యార్థి పదిహేనేండ్లకు ఇల్లు విడుస్తాడు. హాస్టలు గదిలో టీచరు ఉండదు, పాట నేర్పేవారు ఉండరు, అమ్మ ప్రార్థన వినబడదు. అప్పుడు అతని దగ్గర మిగిలేది తనంతట తాను గ్రంథము తెరచి చదివే అలవాటు, అర్థము కానప్పుడు అడిగే ధైర్యము, అడిగినందుకు సంఘము తనను త్రోసివేయదనే నమ్మకము. ఈ మూడింటిని ఇచ్చుటకు మనకున్నది మూడు సంవత్సరములు, ఏడాదికి 30 గంటలు.

కాబట్టి రాబోయే జూన్ నెలలో బడులు తెరచినప్పుడు ప్రతి కాపరి తన సంఘపు పుస్తకము తెరచి, 8, 9, 10 తరగతుల పిల్లల పేర్లు వ్రాసుకోవాలని మనవి. ముగ్గురే ఉన్నా తరగతి పెట్టవచ్చు. వేదాంత విద్యార్థులు తమ వారాంతపు పరిచర్యలో ఈ తరగతిని అడిగి తీసుకోవాలి. యొర్దాను ఒడ్డున రాళ్లు నిలిపినవారు పిల్లలు అడుగుతారని నమ్మి నిలిపారు. మన పిల్లలు ఇప్పుడే అడుగుతున్నారు. వారు ఇంకా మన మధ్య కూర్చుని ఉండగానే జవాబు చెప్పుదము.